బోయరు యుద్ధమును, బ్రిటిషు ప్రజల అంతరాత్మయు

యుద్ధము ముగిసి సంధిపత్రముపై చేవ్రాళ్లు పడిన పిమ్మట మృతులకై శోకించుట యెవరికైనను సాధ్యమే. తమ సేన సముద్రములకావల ఇంకను పోరాడుచుండగా, ఆ పోరాటమునకు ఆహుతియగుచున్న ప్రాణములెన్ని, అవి యెవరివి అని నిండుసభలో నిలిచి ప్రశ్నించుట మాత్రము మిక్కిలి కష్టసాధ్యము. అట్లు ప్రశ్నించినవారిని దేశద్రోహులని దూషించుట అన్ని దేశములలోను ఆచారమైయున్నది. 1899 అక్టోబరు మొదలు 1902 మే మాసాంతము వరకు దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్, ఆరెంజి ఫ్రీ స్టేటు అను డచ్చి సంతతివారైన బోయరుల రెండు చిన్న రిపబ్లికులపై బ్రిటిషు సామ్రాజ్యము సాగించిన యుద్ధకాలమున ఇంగ్లండులో చెలరేగిన వాదోపవాదములు ఇందుకు ప్రబల నిదర్శనములు. ఆ చర్చ యెట్లు పుట్టి, యెవరెవరి మరణములను లెక్కకు తెచ్చి, యెచట ఆగిపోయెనో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

అంతకు సుమారు అర్ధశతాబ్దికి పూర్వమే ఇట్టి చర్చకు ఇంగ్లండులో బీజము పడియుండెను. 1854లో క్రిమియా యుద్ధభూమినుండి విలియం హోవార్డ్ రసెల్ అను విలేఖరి టైమ్సు పత్రికకు వ్రాసిన లేఖలవలన, సైనికులు శత్రువు గుండ్లకంటె చలికిని, కలరాకును, అధికారుల అసమర్థతకును ఎక్కువగా బలియగుచున్నారని ప్రజలకు తెలిసెను. 1855 జనవరిలో రోబక్ అను సభ్యుడు విచారణ కోరుచు కామన్సు సభలో ప్రవేశపెట్టిన తీర్మానము 305 ఓట్లకు 148 ఓట్లతో నెగ్గగా, ఆబర్డీన్ ప్రభువు మంత్రివర్గము కూలిపోయెను. ప్రజాభిప్రాయము ఒక ప్రభుత్వమును పడగొట్టినదనుట నిజమే. అయినను ఆనాటి ఆగ్రహమంతయు తమ బిడ్డలను గూర్చినదే. యుద్ధమునే తప్పుపట్టిన జాన్ బ్రైట్ వంటివారిని ప్రజలు భరింపలేకపోయిరి. 1857 ఎన్నికలలో ఆయన మాంచెస్టరు స్థానమును కోల్పోయెను.

బోయరు యుద్ధపు తొలి సంవత్సరమునందును చర్చ ఈ పరిధినే దాటలేదు. 1899 డిసెంబరులో ఒక్క వారము దినములలో స్టార్మ్‌బెర్గ్, మాగర్స్‌ఫాంటెయిన్, కొలెన్సో అను మూడుచోట్ల బ్రిటిషు సేనలు ఓడిపోవుటతో లండను నగరము దిగ్భ్రాంతి చెందెను. ఆ కొలెన్సో రణరంగమునందును, తరువాత 1900 జనవరిలో స్పియన్ కోప్ కొండయొద్దను క్షతగాత్రులను మోసినవారిలో, గాంధీగారు సమకూర్చిన భారతీయ దళము ఉండెను. దాదాపు 1100 మంది గల ఆ దళమున ఇంచుమించు 800 మంది ఒప్పందముపై పనిచేయు గిర్మిట్ కూలీలు. దక్షిణాఫ్రికాలోని బ్రిటిషు వలసయైన నేటాలునందలి గిర్మిట్ కూలీలలో అధికభాగము మదరాసు రేవున ఓడలెక్కిన తమిళులును, విశాఖపట్టణము, గోదావరి మొదలగు మండలములనుండి తరలిపోయిన తెలుగువారును గనుక, ఆ డోలీల బరువులో మనవారి భుజములకును పాలుండెననుటలో సంశయము లేదు. తన సానుభూతి బోయరులయందే యున్నను, సామ్రాజ్య పౌరులమని హక్కులు కోరువారు బాధ్యతలను సైతము వహింపవలెనను తలంపుతో తాను ఆ పనికి పూనుకొంటినని గాంధీగారు తరువాత వ్రాసియున్నారు.

1900 మార్చిలో బ్రిటిషు సేనాధిపతి రాబర్ట్స్ ప్రభువు ఫ్రీ స్టేటు రాజధానియైన బ్లోంఫాంటెయిన్‌ను పట్టుకొనెను. అచట సైన్యమునకు టైఫాయిడ్ జ్వరము పట్టుకొనెను. ప్రభుత్వపక్షమునకే చెందిన పార్లమెంటు సభ్యుడు బర్డెట్ కూట్స్ స్వయముగా ఆ ఆస్పత్రులను చూచివచ్చి, జ్వరపీడితులు నేలపై పడియున్న తీరును టైమ్సులో ప్రకటించుటతో ప్రభుత్వము రాజవిచారణ సంఘమును నియమింపవలసి వచ్చెను. ఈ యుద్ధమున మరణించిన దాదాపు 22,000 మంది బ్రిటిషు సైనికులలో సగముకంటె ఎక్కువమంది రోగములచే మరణించినవారే. అయితే ఇంతవరకు జరిగినది క్రిమియా నాటి చర్చకు పునరావృత్తి మాత్రమే. ఇంగ్లండు చరిత్రలో కొత్తపుట అటుపిమ్మట, శత్రువుల భార్యాబిడ్డల ప్రస్తావన వచ్చినప్పుడు తెరువబడెను.

రాజధానులు రెండును చేజిక్కిన వెనుక యుద్ధము ముగిసినదని ప్రభుత్వము ఎన్నికలు జరిపి గెలిచెను. యుద్ధము ముగియలేదు. బోయరులు చిన్నచిన్న గుఱ్ఱపు దండులై విడిపోయి, రైలుమార్గములను పేల్చుచు, సరఫరాలను దోచుచు, రాత్రికి తమ కమతములయందు తలదాచుకొనుచుండిరి. రాబర్ట్స్ ఆరంభించిన గృహదహనమును, 1900 నవంబరులో సేనాధిపత్యము వహించిన కిచెనర్ దేశవ్యాప్త విధానముగ మార్చెను. దాదాపు 30,000 ఇండ్లు బుగ్గియయ్యెను, పైరులు తగులబెట్టబడెను, మందలు వధింపబడెను. పట్టుబడిన యోధులను సెయింట్ హెలీనాకును, సింహళమునకును, మన దేశమునకును పంపిరి. అప్పటి మదరాసు రాజధానిలోని బళ్లారి, తిరుచినాపల్లి పట్టణములందు సైతము బోయరు బందీలుండిరి. ఇల్లు కాలిన స్త్రీలను, పిల్లలను, వృద్ధులను బండ్లపైకి, గూడ్సు పెట్టెలలోకి ఎక్కించి, రైలుమార్గముల ప్రక్కన గుడారముల శిబిరములకు తరలించిరి. వీరు శరణార్థులనియు, తమ రక్షణకై వచ్చినవారనియు యుద్ధమంత్రి బ్రాడ్రిక్ కామన్సు సభకు చెప్పుచుండెను. పురుషులు లేని కొంపలలో వారిని దిక్కులేక విడుచుటకంటె శిబిరము మేలుకాదా యన్న ఆయన వాదమును పూర్తిగా కొట్టివేయలేము. కాని ఆ కొంపలను కాల్చినదెవరను ప్రశ్నకు ఆయనయొద్ద సమాధానము లేకపోయెను.

ఈ శిబిరములను గూర్చి ఇంగ్లండు ప్రజలకు తెలియజేసినది ఒక స్త్రీ. ఎమిలీ హాబ్‌హౌస్ కార్న్‌వాల్ సీమలో ఒక క్రైస్తవ మతాచార్యుని కుమార్తెగా 1860లో జన్మించి, 35 సంవత్సరముల ప్రాయమువరకు రోగగ్రస్తుడైన తండ్రికి పరిచర్య చేయుచు ఆ పల్లెలోనే గడిపినది. బోయరు స్త్రీల సహాయార్థము నిధి సేకరించి, 1900 డిసెంబరు 27వ తేదీన కేప్‌టౌన్ నగరమున దిగి, హైకమిషనరు మిల్నర్ అనుమతి సంపాదించి, ఒక గూడ్సు పెట్టెనిండ బట్టలును ఆహారపదార్థములును వేసికొని, 1901 జనవరి 24వ తేదీన బ్లోంఫాంటెయిన్ చేరినది. ఊరికి రెండు మైళ్ల దూరమున, చెట్టు నీడయైన లేని మిట్టపై, దాదాపు 2000 మంది అప్పుడచట నుండిరి. ఒక్కొక్క గుండ్రని గుడారములో ఒక సంసారము, కొన్నింట రెండు మూడు సంసారములు. మంచము లేదు, బల్ల లేదు, కూర్చుండుటకు ఒక చెక్కపెట్టెయే ఆసనము. ఎండవేళ గుడ్డలోపల ఊపిరాడదు, వానవేళ నేలపైనున్న పక్కలు నానిపోవును. ఈగలు ప్రతి వస్తువుపైనను నల్లగా ముసురుకొనియుండును. ఆమె ఒక గుడారమున మాటలాడుచుండగా విషసర్పమొకటి లోనికి ప్రాకివచ్చెను. తక్కినవారందరు వెలికి పరుగెత్తగా, ఆమె తన గొడుగుతో దానిని ఎదిరించి, ఒక మనిషి సమ్మెట తెచ్చువరకు నిలువరించెను. నేలపై పండు పసిబిడ్డలున్న చోట సర్పము తిరుగుననుట యెట్టిదో ఆమె తన లేఖలో ఇంటివారికి తెలిపినది.

ఆమె చేసిన పని యేమన, అడుగుట, అడిగి వ్రాసికొనుట. ఈ గుడారములో ఎందరు? ఎప్పుడు తెచ్చిరి? బిడ్డలెందరు, ఉన్నవారెందరు? శిబిరమునకు సబ్బు ఇచ్చుట లేదని ఆమె కనుగొనెను. అడుగగా అది విలాసవస్తువని సమాధానము వచ్చెను. మోడర్ నదినుండి వచ్చు నీటిలో టైఫాయిడ్ బీజములున్నవని ఎల్లరకు తెలిసియు, కాచుటకు పాత్రలు లేవు, పాత్రలున్నచోట వంటచెరకు చాలదు. అన్నిటికంటె ఘోరమైనది ఆహారపు కొలత: ఇంటి పురుషుడు ఇంకను యుద్ధములో ఉన్నచో ఆ కుటుంబమునకు తొలి మాసములందు తక్కువ తిండి కొలిచియిచ్చుచుండిరి. తండ్రి లొంగకపోయిన నేరమునకు బిడ్డ కడుపు కట్టుట యనగా ఇదియే. ఇది విమర్శకు గురియై 1901 తొలినాళ్లలోనే రద్దయినను, అట్టి ఆలోచన నాగరిక ప్రభుత్వపు కాగితములకెక్కుటయే దారుణము. ఇతర శిబిరములు తిరిగి ఏప్రిలులో ఆమె బ్లోంఫాంటెయిన్ మరలివచ్చునప్పటికి అచటి జనసంఖ్య రెండింతలై, తట్టు వ్యాపించి, గుడారముల మధ్య ప్రతిదినము శవములను మోసికొని పోవుచుండిరి.

మే మాసమున ఇంగ్లండు చేరిన హాబ్‌హౌస్ నివేదిక జూన్‌లో అచ్చయ్యెను. అందు అలంకారములు తక్కువ; గుడారము వెంట గుడారముగా చూచినది, విన్నది మాత్రమే కలదు. ఆమె మాటలు విన్న ప్రతిపక్షనాయకుడు క్యాంప్‌బెల్ బానర్‌మన్, జూన్ 14వ తేదీన లండనులోని విందుసభలో, దక్షిణాఫ్రికాలో ప్రభుత్వము అనుసరించుచున్నవి అనాగరిక పద్ధతులేయని ప్రకటించెను. అంతవరకు తన పక్షములోని సామ్రాజ్యవాదులను నొప్పింపక ఆచితూచి మాటలాడిన వృద్ధుడాయన. ఆ మాటతో స్వపక్షము చీలునని యెరిగియు పలికెను. మూడుదినములకు ఆయన పక్షమువాడే యైన లాయడ్ జార్జి కామన్సు సభలో శిబిరములపై తీర్మానము తెచ్చెను. అది ఓడిపోయెను. మాంచెస్టర్ గార్డియన్ పత్రిక ధైర్యముతో అండగా నిలువగా, డెయిలీ మెయిల్ మొదలగునవి ఆమెను బోయరుపక్షపాతియని తూలనాడెను. అస్థిపంజరమువలె కృశించిన ఏడేండ్ల బాలిక ఛాయాచిత్రమొకటి ఈ వాదమున చేతులు మారెను: శిబిరమున బిడ్డలు ఎట్లున్నారో చూడుడని ఒకరు చూపగా, కన్నతల్లియే బిడ్డను ఆకటికి మాడ్చినదని ప్రభుత్వపక్షమువారు ఆ చిత్రమునే చూపసాగిరి. ఆ బాలిక బ్లోంఫాంటెయిన్ శిబిరముననే మరణించెను. చిత్రమెవరి వాదమునకు పనికివచ్చునను పట్టుదలలో బిడ్డ మరణమే ఇరుపక్షములవారి కన్నులకు మరుగుపడుట ఈ చర్చలోని విషాదములలో ఒకటి.

ప్రభుత్వము హాబ్‌హౌస్‌ను మరల పోనీయక, తనకు నమ్మకమైన మహిళలతో ఒక విచారణసంఘమును పంపెను. అధ్యక్షురాలు మిలిసెంట్ ఫాసెట్; స్త్రీల ఓటుహక్కు ఉద్యమమునకు నాయకురాలు, యుద్ధమును సమర్థించిన వ్యక్తి. ఈమె ప్రభుత్వమునకు అనుకూలముగ వ్రాయునని పలువురు ఎదురుచూచిరి. బోయరు తల్లుల నాటువైద్యమును, అపరిశుభ్రతను ఆ సంఘము నిందించిన మాట నిజమే. కాని నీరు, వంటచెరకు, ఆహారము, నర్సులు, అసమర్థులైన అధికారులు అను విషయములన్నింట హాబ్‌హౌస్ చెప్పినదానినే అది ధ్రువపరచెను. 1901 అక్టోబరులో శిబిరములందలి మరణముల రేటు సంవత్సరమునకు వేయింటికి 344 వరకు పెరిగెను. అట్లే యేడాదిపాటు సాగినచో మూడింట ఒకవంతు జనము నశించియుందురు. నవంబరునుండి శిబిరములు సైన్యము చేతినుండి మిల్నర్ పౌరపాలనకు మారి, 1902 తొలి మాసములలో మరణములు తగ్గుముఖము పట్టెను. ప్రజాచర్చ ప్రాణములను నిలుపగలదనుటకు ఇంతకంటె ప్రత్యక్షసాక్ష్యము అరుదు. అది ఆరు మాసములు ముందు ఫలించియున్న ఎందరు బిడ్డలు బ్రదికియుందురో తలచుకొన్నచో మనస్సు కలతపడును. ఈ శిబిరములలో గతించిన బోయరుల సంఖ్య యుద్ధానంతరము 27,927గా తేలెను. వారిలో 22,074 మంది 16 సంవత్సరములలోపువారు. పోరులో కూలిన బోయరు యోధులకంటె ఈ పిల్లలు అనేకరెట్లు అధికులు.

మాటలాడినవారు మూల్యము చెల్లింపకపోలేదు. అక్టోబరులో మరల కేప్‌టౌన్ చేరిన హాబ్‌హౌస్‌ను దిగనీయక, సైనికులచే బలవంతముగ ఎత్తించి మరియొక ఓడలో వెనుకకు పంపిరి. డిసెంబరు 18వ తేదీన బర్మింగ్‌హామ్ పురమందిరములో ప్రసంగింపబోయిన లాయడ్ జార్జిని చంపుటకు మూక కమ్ముకొనగా, ఆయన పోలీసు దుస్తులు ధరించి తప్పించుకొనెను. షెర్లాక్ హోమ్స్ కథలచే ప్రసిద్ధుడైన కోనన్ డోయిల్, బ్లోంఫాంటెయిన్ ఆస్పత్రిలో స్వయముగా వైద్యము చేసినవాడయ్యు, సేన నడవడిని సమర్థించుచు 1902 జనవరిలో ఒక చిన్న గ్రంథము వెలువరించెను. సైనికుల బాధను కన్నులారజూచి కరగిన హృదయమే శిబిరముల విషయమున ప్రభుత్వమునకు వకాలతు పుచ్చుకొనుట గమనింపదగినది.

ఈ చర్చ వృథాపోలేదు. 1906లో క్యాంప్‌బెల్ బానర్‌మన్ ప్రధానిగా ఘనవిజయము పొంది, ఓడిన బోయరులకు స్వపరిపాలన నొసగెను. 1914లో గాంధీగారి సత్యాగ్రహము రాజీకి వచ్చు దినములలో హాబ్‌హౌస్ రోగశయ్యపైనుండియే దక్షిణాఫ్రికా ప్రభుత్వనేతలైన స్మట్సు, బోతాలకు వ్రాసి భారతీయుల పక్షమున మధ్యవర్తిత్వము నెరపినది. గడువు తీరిన గిర్మిట్ కూలీలపై విధింపబడి ఆ యేడు రద్దయిన మూడు పౌనుల పన్ను మన తెలుగు కూలీల మెడకును ఉరియైయుండినదే. 1919లో, మొదటి ప్రపంచయుద్ధము విరామమైన వెనుకను జర్మనీ, ఆస్ట్రియాలపై దిగ్బంధము సాగుచుండగా, ఆకలిగొన్న శత్రుబాలుని చిత్రముతో కరపత్రములు పంచినందుకు ఎగ్లంటైన్ జెబ్ అను మహిళను లండనులో నిర్బంధించి ఐదు పౌనుల జరిమానా విధించిరి. ఆ దినములలోనే ఆమె నెలకొల్పిన సేవ్ ది చిల్డ్రన్ సంస్థ నేటికిని నడచుచున్నది.

అయినను హాబ్‌హౌస్, ఫాసెట్, లాయడ్ జార్జి, బ్రాడ్రిక్ అను ఈ వాదిప్రతివాదులెల్లరును దాటని గీత ఒకటి కలదు. బోయరు కమతములపై పనిచేయుచుండిన నల్లజాతి కుటుంబములకును ఇండ్లు కాలెను, వారిని సైతము వేరుశిబిరములలోనికి తోలిరి. యుద్ధాంతమున అందు లక్షకు పైబడి జనముండిరి. అచట తిండి ఉచితము కాదు. పురుషులు సైన్యమునకు కూలి చేయవలెను, స్త్రీలు పొలము దున్ని పండించుకొనవలెను. ఫాసెట్ సంఘము ఒక్క నల్లవారి శిబిరమునైనను చూడలేదు. అచట నమోదైన మరణములే 14,154. అవియు పిల్లలవే యధికము. నమోదు కానివి మరెన్నియో. ఈ లెక్కలను చరిత్రకారులు కూర్చుటకు ఎనిమిది దశాబ్దులు పట్టెను. యుద్ధకాలమునందే ఆదిమజాతుల రక్షణ సంఘమునకు కార్యదర్శియైన ఫాక్స్ బోర్న్ వారి స్థితిగతులను తెలుపుడని వలసల శాఖకు లేఖ వ్రాసియుండెను. ఇట్టి అనవసరపు జోక్యముల మనిషిని సంతృప్తిపరచుటకై మిల్నర్ ప్రభువును శ్రమపెట్టనక్కరలేదని ఆ శాఖ ఉన్నతాధికారి కాగితముపై వ్రాసి ప్రక్కన పెట్టెను. కామన్సు సభలో ఆ విషయమై ఏ పక్షమువారును ప్రభుత్వమును నిలదీయలేదు.