అరచేతి పగుళ్ళు

మా అంబాజీపేటలో కొబ్బరికాయ వలుచువారి చేతులు కఱకుగా నుండుట వింత గాదు. కాని కొందఱి యరచేతులు దళసరియై, పొలుసులు గట్టి, పగిలి నెత్తురు చిమ్మును. ఏండ్ల తరబడి మానవు. ఇట్టి పగుళ్ళను చరకసంహిత విపాదిక యని పేర్కొని, పదునొకండు క్షుద్రకుష్ఠములలో జేర్చినది. ఆ కుష్ఠశబ్దమే కొంప ముంచినది! శాస్త్రమున నది పెక్కు చర్మరోగములకు బొదుగుపేరు. ఊర మాత్రము మహారోగమే. అంటని వ్యాధి గలవానికి విస్తరి వేఱుగా వేసిన పంక్తులను నేను జూచితిని.

ఐరోపాలోను ఇదే తికమక. సొరియాసిసు వేఱు, కుష్ఠము వేఱు అని 1841లో వియన్నా వైద్యుడు హెబ్రా తేల్చెను.

మందు కథకు మూలపురుషుడు మన గోదావరి బిడ్డయే. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలను నడపుచు, ఫోలికామ్లము నడ్డగించు అమినోప్టెరిన్‌ను తమ బృందముచే జేయించిరి. బోస్టనులో ఫార్బరు దానిని బిడ్డల నెత్తుటి క్యాన్సరునకు వాడి, 1948లో ఫలితము ప్రకటించెను. ఆ యేడే సుబ్బారావుగారు గతించిరి. 1951లో గబ్నరను అమెరికా వైద్యుడు కీళ్ళవాతమునకు అదే మందీయగా, సొరియాసిసు పొలుసులును తగ్గుట గాంచెను.

దాని తోబుట్టువు మెథోట్రెక్సేటును తీవ్రమైన సొరియాసిసునకు వైద్యులు నేటికిని ఇచ్చుచున్నారు. నెత్తుటిని, కాలేయమును పరీక్షించుచు వారమున కొక్క దినము మాత్రమే. ప్రతిదినము మ్రింగిన ప్రాణాపాయము. గర్భిణుల కసలే కూడదు.