బండి ఇచ్చేముందు: థర్డ్ పార్టీ బీమా నడిచొచ్చిన దారి

బీమా లేని బండి నడపడం నేరమని మనలో చాలామందికి తెలుసు. అలాంటి బండిని ఇంకొకరి చేతికివ్వడమూ అంతే నేరమని తెలిసినవాళ్లు తక్కువ. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ రెంటినీ ఒకే గాటన కట్టింది. థర్డ్ పార్టీ బీమా లేకుండా బహిరంగ స్థలంలో వాహనాన్ని వాడకూడదు, వాడించకూడదు, వాడనివ్వకూడదు అంది. "అరగంటలో వచ్చేస్తా, బండి ఓసారి ఇవ్వు" అని బావమరిది అడిగినా, ఎదురింటి కుర్రాడు అడిగినా తాళాలు చేతిలో పెట్టేయడం ఈ చివరి మాట కిందికే వస్తుంది. దాని వెనక దాదాపు నూరేళ్ల చరిత్ర ఉంది. చట్టం ఎవరి పక్షాన నిలబడాలనుకుందో, ఎక్కడ ఆగిపోయిందో ఆ చరిత్రలోనే తెలుస్తుంది.

మొదలు బ్రిటన్‌లో. కార్లు పెరిగేకొద్దీ అక్కడ ఒక అన్యాయం తరచుగా కనబడసాగింది. కారు గుద్ది కాలు పోగొట్టుకున్న మనిషి కోర్టులో గెలిచేవాడు, కానీ గుద్దినవాడి దగ్గర చిల్లిగవ్వ ఉండేది కాదు. 1930లో వచ్చిన రోడ్ ట్రాఫిక్ చట్టం అందుకే థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేసింది. బీమా చేయించుకున్నవాడు దివాలా తీసినా ఆ సొమ్ము గాయపడ్డవాడికే చేరాలని అదే ఏడాది మరో చట్టం వచ్చింది. మరి బీమా వర్తించని మనిషికి కారు అరువిస్తే? 1935లో మాంక్ వర్సెస్ వార్బీ కేసు ఈ ప్రశ్న తెచ్చింది. యజమాని కారును స్నేహితుడికిచ్చాడు. యజమాని పాలసీ ఇతరులు నడిపితే పనికిరాదు. ప్రమాదం జరిగింది. గాయపడ్డ వ్యక్తికి నష్టపరిహారం యజమానే ఇచ్చుకోవాలని అప్పీలు కోర్టు తేల్చింది. స్టీరింగ్ ముట్టని మనిషి, బీమా లేకుండా కారు ఇచ్చినందుకు బాధ్యుడయ్యాడు.

మన దగ్గర 1914 మోటారు వాహనాల చట్టంలో బీమా ఊసే లేదు. రోడ్డు మీద మనిషి పోతే 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద సివిల్ కోర్టుకెళ్లాలి, కోరిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి. ఇంటి పెద్దను పోగొట్టుకున్న కూలి కుటుంబానికి అది అయ్యే పనేనా? 1939 చట్టం బ్రిటిష్ నమూనాను తెచ్చినా, అందులోని బీమా అధ్యాయం 1946 జులై 1న గానీ అమల్లోకి రాలేదు. అదే 1946లో బ్రిటన్‌లో బీమా కంపెనీలు కలిసి మోటార్ ఇన్సూరర్స్ బ్యూరో పెట్టుకున్నాయి. గుద్దిన బండికి బీమా లేకపోతే పరిహారం ఇవ్వడమే దాని పని. మనం బీమా తప్పనిసరి అన్న సగాన్ని తెచ్చుకున్నాం, ఆ రెండో సగాన్ని తెచ్చుకోలేదు. ఈ వెలితి ఈ రోజుకీ మనల్ని వెంటాడుతోందని నా నమ్మకం.

1939 చట్టంలో ఇంకో లోపం, కంపెనీ బాధ్యతకు పెట్టిన హద్దు. సరుకు లారీ మనిషిని చంపితే కంపెనీ ఇచ్చేది గరిష్ఠంగా 20 వేలు. తర్వాత అది 50 వేలయింది, 1982లో లక్షన్నర అయింది. కోర్టు అంతకుమించి వేస్తే మిగతాది యజమాని నెత్తినే. ఈ హద్దును మరణాలకూ గాయాలకూ ఎత్తేసింది 1988 చట్టమే. ఈలోగా 1956 సవరణతో మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునళ్లకు దారి ఏర్పడింది, కోర్టు ఫీజు బరువు తగ్గింది. 1982లో తప్పు ఎవరిదో తేలకముందే చనిపోయినవారికి 15 వేలు, శాశ్వత వైకల్యానికి ఏడున్నర వేలు ఇవ్వాలన్న నిబంధన వచ్చింది. గుద్ది పారిపోయిన బండి ఆచూకీ దొరకనప్పుడు ఎంతో కొంత ఇచ్చే ఏర్పాటూ అప్పుడే మొదలైంది.

కోర్టులు కూడా ఇదే దారిలో నడిచాయి. 1987లో సుప్రీంకోర్టుకు వచ్చిన స్కాండియా కేసులో డ్రైవరు లారీ ఇంజను ఆపకుండా, ఎదురుగా ఉన్న కొట్లో తినడానికేదైనా తెచ్చుకుందామని దిగాడు. లైసెన్సు లేని క్లీనరు లారీని కదిలించాడు, ఒక ప్రాణం పోయింది. లైసెన్సు లేనివాడు నడిపాడు గనుక మాకు సంబంధం లేదని కంపెనీ వాదించింది. యజమాని తెలిసి నిబంధన ఉల్లంఘించలేదు కాబట్టి కంపెనీ కట్టాల్సిందేనంది కోర్టు. 2004లో స్వరణ్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దీన్ని స్థిరపరిచింది. పాలసీలోని లైసెన్సు షరతు తప్పినా ముందు బాధితుడికి కంపెనీ చెల్లించి, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోవచ్చు. ట్రిబ్యునళ్లలో వకీళ్లు 'పే అండ్ రికవరీ' అనేది దీన్నే. ఎన్నో కుటుంబాలు ఈ ఒక్క సూత్రం వల్ల నిలబడ్డాయి.

అయితే ఆ సూత్రం పనిచేయాలంటే ముందు పాలసీ అంటూ ఉండాలి. పాలసీయే లేనప్పుడు కంపెనీ ఎక్కడిది? అప్పుడు బాధ్యత బండి నడిపినవాడి మీదా, ఆర్సీలో పేరున్నవాడి మీదా పడుతుంది. మొత్తం ఎంతో లెక్క వేసి చూద్దాం. వయసు 30, సొంతంగా పని చేసుకుంటూ నెలకు 20 వేలు సంపాదించే మనిషి చనిపోయాడనుకుందాం. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతని మీదే ఆధారపడ్డారు. సరళా వర్మ, ప్రణయ్ సేథీ తీర్పుల ప్రకారం భవిష్యత్తు ఆదాయం కింద 40 శాతం కలిపితే 28 వేలు. సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 21 వేలు. ఏడాదికి 2,52,000. ఆ వయసుకు గుణకం 17. మొత్తం 42,84,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, ఇతర పద్దులు, వడ్డీ వేరే. కట్టకపోతే 174వ సెక్షన్ కింద కలెక్టరు భూమిశిస్తు బకాయిలా వసూలు చేయవచ్చు. పొలమో ఇల్లో జప్తుకు వస్తుంది. 75 నుంచి 150 సీసీ బండికి 2022లో ఖరారైన ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 714 రూపాయలు.

జరిమానా సంగతి ఆ పరిహారం ముందు చిన్నది. బీమా లేని బండికి 1988 చట్టం మూడు నెలల జైలు గానీ, వెయ్యి రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ అంది. 2019 సవరణ జరిమానాను మొదటిసారికి 2 వేలు, మళ్లీ పట్టుబడితే 4 వేలు చేసింది. లైసెన్సు లేనివాడికి బండి ఇచ్చిన యజమానికి 5 వేలు పడుతుంది. మైనరుకిస్తే సంగతి చాలా పెద్దది: సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఇంటర్ చదివే కొడుకు కాలేజీకి బండి కావాలని అలిగితే లొంగిపోయే తల్లిదండ్రులు ముందు ఈ సెక్షన్ చదవాలి.

అరువు తెచ్చుకున్నవాడి సంగతీ చూడాలి. థర్డ్ పార్టీ పాలసీ ఉన్నా అది ఎదుటివారి కోసమే. 2009 నాటి నింగమ్మ కేసులో ఒకతను వేరేవాళ్ల మోటారు సైకిలు అడిగి తెచ్చుకుని నడుపుతూ, ఇనుప రేకులు మోస్తున్న ఎడ్లబండికి గుద్దుకుని చనిపోయాడు. అరువు తెచ్చుకున్నవాడు యజమాని స్థానంలోకి వస్తాడు, యజమాని తనకు తాను పరిహారం కోరలేడు కదా, కాబట్టి తప్పు ఎవరిదో తేల్చకుండానే పరిహారమిచ్చే అప్పటి 163ఎ సెక్షన్ కింద అతని కుటుంబానికి ఏమీ రాదంది సుప్రీంకోర్టు. 2020లో రాంఖిలాడీ తీర్పూ అదే దారి పట్టింది. పాలసీలోని వ్యక్తిగత ప్రమాద కవర్ కింద లక్ష రూపాయలే ఆ కుటుంబానికి దక్కాయి. యజమాని–డ్రైవర్‌కు ఉండే ఈ కవర్‌ను 15 లక్షలకు పెంచుతూ హైదరాబాద్‌లోని బీమా నియంత్రణ సంస్థ ఆదేశమిచ్చింది 2018లో.

ఇంకో ప్రమాదం మన సంతల్లో, కన్సల్టెన్సీల్లో రోజూ జరిగేది. బండి అమ్మినవాడు ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి, తేదీ రాయకుండా, డబ్బు తీసుకుని వెళ్లిపోతాడు. కొన్నవాడు పేరు మార్చుకోకుండానే ఇంకొకరికి అమ్ముతాడు. పాలసీ గడువు ఎప్పుడు ముగిసిందో ఎవరికీ పట్టదు. 2018లో నవీన్ కుమార్ కేసులో ఒక కారు అలా చేతులు మారుతూ పోయి ప్రమాదం చేసింది. ఎన్ని చేతులు మారినా ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో యజమాని వాళ్లేనని కోర్టు తీర్పిచ్చింది. ఏనాడో అమ్మేసి మరిచిపోయిన బండికి సమన్లు వచ్చేది అందుకే. రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో రవాణా అధికారికి తెలపాలని చట్టంలో ఉంది. ఆన్‌లైన్‌లో పేరు మారిందో లేదో చూసుకోవడానికి అయిదు నిమిషాలు పట్టదు.

గుద్దిన తర్వాత పరుగెత్తి పాలసీ తీసుకునేవాళ్లూ ఉన్నారు. ఒకప్పుడు అది చెల్లేది. పాలసీ ఏ రోజు తీసుకుంటే ఆ రోజు తెల్లవారకముందు నుంచే వర్తిస్తుందని 1990లో రామ్ దయాళ్ కేసు చెప్పింది. అందుకని కంపెనీలు పాలసీ మీద గంట, నిమిషం అచ్చువేయడం మొదలుపెట్టాయి. సునీతా రాఠీ కేసులో ప్రమాదం మధ్యాహ్నం 2 గంటల 20 నిమిషాలకు జరిగింది, పాలసీ 2 గంటల 55 నిమిషాలకు తీసుకున్నారు. కంపెనీకి బాధ్యత లేదంది సుప్రీంకోర్టు. ఆ ముప్పై అయిదు నిమిషాల తేడాతో పరిహారం మొత్తం యజమాని మీదికి వచ్చింది.

2018 ఈ చరిత్రలో పెద్ద మలుపు. ఏటేటా రెన్యువల్ మరిచిపోయే అలవాటుకు విరుగుడుగా, సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు మూడేళ్లు, కొత్త టూవీలర్‌కు అయిదేళ్ల థర్డ్ పార్టీ పాలసీ ఇవ్వాలని సుప్రీంకోర్టు రాజశేఖరన్ కేసులో ఆదేశించింది. అదే సెప్టెంబరులో ఉషా దేవి కేసులో బీమా లేని బండి ప్రమాదం చేస్తే తగిన హామీ లేకుండా యజమానికి తిరిగి ఇవ్వొద్దు, మూడు నెలల తర్వాత వేలం వేసి ఆ సొమ్ము ట్రిబ్యునల్లో జమ చేయాలని, అందుకు తగినట్టు నిబంధనలు మార్చుకోవాలని రాష్ట్రాలకు చెప్పింది. ఇదంతా జరిగినా రోడ్ల మీది వాహనాల్లో సగానికి పైగా బీమా లేనివేనని పార్లమెంటు స్థాయీ సంఘం చెప్పింది. అందులో టూవీలర్లే ఎక్కువ. అయిదేళ్ల పాలసీ ముగిశాక షోరూం వాళ్లు గుర్తు చేయరు, బండి పాతబడుతుంది, ప్రీమియం మరుగునపడుతుంది.

బాధితుడి వైపు నుంచి చూస్తే 2022 ఏప్రిల్ 1 నుంచి గుద్ది పారిపోయిన బండి కేసుల్లో చనిపోయినవారికి 2 లక్షలు, తీవ్రగాయాలకు 50 వేలు ఇస్తున్నారు. 2025 మేలో వచ్చిన నగదు రహిత చికిత్స పథకం కింద బండికి బీమా ఉన్నా లేకున్నా ఏడు రోజుల్లో లక్షన్నర రూపాయల దాకా వైద్యం అందుతుంది. రెండూ మంచి పనులు. కానీ నంబరు తెలిసిన, యజమాని తెలిసిన, బీమా మాత్రం లేని బండి కింద పడి చనిపోయిన కూలీ భార్యకు ఆ 2 లక్షలూ రావు. ఆమెకు దక్కేది ట్రిబ్యునల్ డిక్రీ. అవతలి మనిషి దగ్గర పాత బండి తప్ప ఏమీ లేకపోతే, వేలంలో వచ్చిన కొద్దిపాటి సొమ్ముతో సరిపెట్టుకోవాలి. స్వరణ్ సింగ్ తీర్పు కంపెనీలకు పెట్టిన నియమాన్నే, ఈ పథకాలకు సొమ్మిచ్చే మోటారు వాహన ప్రమాద నిధికీ పెట్టవచ్చు. ముందు ఆమెకు నిధి నుంచి చెల్లించి, ఆ మొత్తాన్ని భూమిశిస్తు బకాయిలా యజమాని నుంచి కలెక్టరు రాబట్టవచ్చు. నిధి ఉంది, వసూలుకు సెక్షనూ ఉంది. రెంటినీ కలిపే సవరణ ఒక్కటే రావాలి.