అలుక, గుస్స, నారాజు : బాన్సువాడ వాడుకలో మనోభావ పదముల చరిత్ర

కోపమును తెలుపు పదము లన్నియు నొక్క అర్థమునే ఇచ్చునని నిఘంటువులు చూచువారికి తోచును. కాని ముఖము ముడుచుకొని పలుకక కూర్చుండుటకును, కన్నులెఱ్ఱచేసి గద్దించుటకును భేదము కలదు. బాన్సువాడ ప్రాంతపు వాడుకను ఆధారముగా గొని మేమిచట ఆ భేదమును విచారింతుము.

బాన్సువాడ మంజీరా పరీవాహక ప్రాంతమున, మరాఠీ కన్నడ సీమలకు చేరువగా నున్నది. 2016 వరకు నిజామాబాదు జిల్లాలో నుండి, పిమ్మట కామారెడ్డి జిల్లాలో చేరినది. 1948 వరకు నిజాము ఏలుబడి సాగినది. 1880-90 నడుమ ఆ రాజ్యమున పారసీకమునకు మారుగా ఉర్దూ అధికారభాష యయ్యెను. ఈ ఏలుబడి ప్రాబల్యముననే 'గుస్స', 'నారాజు' వంటి పదములు జనుల నోళ్ల నెక్కినవి.

'గుస్స' అరబ్బీ మూలముగల పదము. అరబ్బీలో అది గొంతున అడ్డుపడిన ముద్ద, పారసీకమున దుఃఖము, ఉర్దూలో కోపము. 'నారాజు' అనగా సంతుష్టి లేనివాడు. ఆంగ్లమున ముభావమును తెలుపు 'సల్లెన్' అను పదము ఒంటరి యను నర్థముగల లాటిను పదమునుండి పుట్టినది. స్పానిషులోని 'మాలుమోర్' దేహమందలి రసము చెడుట యను ప్రాచీన వైద్యభావనకు గుర్తు. మన పిత్తప్రకోపము దీనికి దగ్గఱిది.

తెలుగు 'అలుక' త్రోవ వేఱు. ప్రాచీన కావ్యములలో యుద్ధమునకు దారితీయు క్రోధము సైతము అలుకయే. కృష్ణదేవరాయల కాలమున (1509-1529) నంది తిమ్మన రచించిన పారిజాతాపహరణమున సత్యభామ అలుక ప్రణయకోపము. కృష్ణుడు దానిని తీర్పక తప్పలేదు. పెండ్లింట అల్లుని అలుకపాన్పును ఇట్టిదే. నేటి వాడుకలో శత్రువుపై ఎవరును అలుగరు. అలుక తీర్చువాడుండునను నమ్మకము గలచోటనే అలుగుదురు.

కావున 'గుస్స' వచ్చి 'అలుక'ను తొలగింపలేదు. బాన్సువాడ వైపు అధికారి 'గుస్సయిండు' అనియు, మాట చెల్లని చుట్టము 'నారాజయిండు' అనియు, ఇంటిలోని పిల్లవాడు 'అలిగిండు' అనియు అందురు. అన్యదేశ్యములని మొదటి రెండింటిని నిఘంటువులనుండి త్రోసివేసినచో మూడవదాని యర్థపు హద్దులును మనకు తెలియకపోవును. మాండలిక పదములు సేకరించు పరిశోధక విద్యార్థులు పదమునకు ఎదుట 'కోపము' అని మాత్రము వ్రాసి ఊరకుండక, ఎవరు ఎవరిపై నట్టి కోపము చూపుదురో కూడ నమోదు చేయవలయునని మా మనవి.