పుట్టుకయు ధర్మమును

1871వ సంవత్సరమున రెండు సంగతులు జరిగినవి. ఫిబ్రవరిలో డార్విను పండితుడు మానవోత్పత్తిని గూర్చిన గ్రంథమును లండనులో ప్రకటించెను. అక్టోబరులో హిందూదేశ ప్రభుత్వమువారు నేరస్థ జాతుల చట్టమును చేసిరి. ఒకటి మానవునకు నీతి యెట్లు కలిగినదో విచారించిన గ్రంథము. రెండవది అవినీతి కొన్ని జాతులకు పుట్టుకతోనే వచ్చునని తీర్మానించిన శాసనము. ఒకటి రెండవదానికి కారణము కాదు. అయినను జీవశాస్త్రము ధర్మమునకు దారి చూపగలదా యను ప్రశ్న పుట్టినప్పుడు రెంటిని కలిపి చూచుట మేలు.

గుంపులుగా బ్రదుకు జంతువులలో నొండొంటియందు సానుభూతి కలదనియు, దానికి జ్ఞాపకమును బుద్ధియు తోడుపడగా మనస్సాక్షి యేర్పడెననియు డార్విను తలంచెను. ఇది యుక్తముగనే యున్నది. కాని ఆయనయే మరియొక మాట చెప్పెను: మనుష్యులు తేనెటీగలవలె పెరిగినయెడల కన్యలు తమ సోదరులను చంపుటయే పవిత్ర కర్తవ్యమని యెంచియుందురట! నీతి యెట్లు పుట్టినదో ప్రకృతి చెప్పగలదు గాని, పుట్టినదానిలో దేనిని పెంచవలెనో, దేని నణచవలెనో చెప్పజాలదు. డార్వినునకు ఆప్తుడైన హక్స్‌లీ 1893లో ఆక్స్‌ఫర్డున నుపన్యసించుచు, ప్రకృతి క్రమము ననుకరించుట ధర్మము కాదనియు, దానితో పోరాడుటయే ధర్మమనియు స్పష్టముగ చెప్పెను.

చట్టము చేసినవారు ఈ విచారమేమియు పెట్టుకొనలేదు. వడ్రంగి కొడుకు వడ్రంగియు, సాలె కొడుకు సాలెయు నగునట్లు దొంగ కొడుకు దొంగ యగునని వారి వాదము. ఈ యుపపత్తి వారికి సీమనుండి వచ్చినది కాదు, మన వర్ణవ్యవస్థయే యిచ్చినది. దొరలను నిందించుటకు ముందు మనమీ మాట తలచుకొనవలెను. అనువంశిక సిద్ధాంతమను శాస్త్రవేషము దానికి తరువాత దొరకినది.

1911లో ఆ చట్టము మద్రాసు రాజధానికిని వ్యాపించెను. దాని వాతబడినవారిలో ఎరుకలవారు ముఖ్యులు. మన చిత్తూరు సీమలో గంపలు, చేటలు అల్లుకొని, సోది చెప్పుకొని బ్రదుకు ఎరుకలవారిని ఎరుగని యిల్లాలుండదు. వారు పూర్వము గాడిదలమీదను ఎద్దులమీదను సముద్రతీరపు ఉప్పును మెట్టసీమలకు మోసికొనిపోయి ధాన్యమునకు మార్చుకొనుచుండిరి. రైలుబండ్లు వచ్చినవి, ఉప్పుమీద సర్కారు కట్టుబాట్లు బిగిసినవి, బేరము పోయినది. ఆకలి తెచ్చిన దోషమును రక్తమునకంటగట్టిరి. నేరము చేసినను చేయకున్నను వ్రేలిముద్రలీయవలెను, హాజరు పలుకవలెను, చీటి లేనిదే ఊరు దాటరాదు. 1913 ప్రాంతమున బాపట్ల చెంత సాల్వేషన్ ఆర్మీవారి పాలనలో వారికొరకు స్టూవర్టుపురము వెలసెను.

ఇందొక చిత్రము గలదు. పిల్లలను తలిదండ్రులనుండి వేరుచేసి బడిలో నుంచుటకు ఆ 1911 చట్టమే అధికార మిచ్చినది. దొంగతనము రక్తములో నున్నచో బడి యేమి చేయగలదు? బడి మార్చగలదన్నచో జాతినంతయు పట్టికలో వ్రాయనేల?

మా ఐరాలకు చేరువనున్న కాణిపాకమున, నింద పడినవాడు స్నానము చేసి వినాయకుని యెదుట ప్రమాణము చేయుట నేటికిని కలదు. ప్రమాణముచేత నిజము తేలునని నేను వాదింపను. కాని అచ్చట అడుగు ప్రశ్న సరియైనది: నీవు చేసితివా? చట్టము అడిగిన ప్రశ్న, నీ వెవరికి పుట్టితివి? ఒక పల్లెవాడుక కున్నపాటి న్యాయబుద్ధి శాసనకర్తలకు లేకపోయెను.

మద్రాసు ప్రభుత్వము 1947లో ఈ చట్టమును తీసివేసెను. 1952లో దేశమంతటను పోయినది.

పేరు మాత్రము పోలేదు. దాని నెదుర్కొనినవారిలో నొక కుటుంబమును చెప్పవలెను. గోరాగారు, అనగా గోపరాజు రామచంద్రరావుగారు, వృక్షశాస్త్రము చదివి, బోధించినవారు. ప్రకృతిశాస్త్ర మెరిగిన ఆయన, మానవులందరు సమానులను సూత్రమును మొక్కలలో వెదకలేదు. మనుష్యుడు తానై పూనుకొని సాధింపవలసినదిగా నెంచి, తన యింటనే కులాంతర వివాహములు జరిపించెను. ఆయన కుమారుడు లవణముగారు 1960లో మహాకవి జాషువాగారి కుమార్తె హేమలతగారిని పెండ్లాడెను. పుట్టుకచేతనే అంటరానితనము ననుభవించిన కవి యింటి ఆడుబిడ్డ ఆమె. 1970ల దశకమున ఆ దంపతులు స్టూవర్టుపురమునకు పోయి, దొంగలని పేరుపడినవారి గడపలలో కూర్చుండి, నేరము మానుడని నచ్చజెప్పి, వారి బిడ్డల చదువునకును పెద్దల జీవనమునకును పాటుపడిరి. అప్పటికి చట్టము పోయి ఇరువదేండ్లు దాటినది.