పక్కన కూచున్న మనిషి

"నేనేం నేశానే? నేసింది మీ నాన్న. నేను పక్కన కూచున్నానంతే."

పరిశోధన చేస్తున్న రోజుల్లో ఓ వేసవి సెలవులకి ఉప్పాడ వెళ్ళి, అమ్మ ముందు రికార్డర్ పెట్టి, ఎన్నేళ్ళు నేశావని అడిగితే వచ్చిన జవాబు ఇది. ముప్ఫై ఏళ్ళకు పైగా రోజుకి ఎనిమిది, తొమ్మిది గంటలు మగ్గం మీద గడిపిన మనిషి. చూపు మందగించి, నడుము వంగక, ఆ మధ్యనే మగ్గం దిగింది. అయినా ఆమె లెక్కలో ఆమె నేతపని చెయ్యలేదు. పక్కన కూచుంది.

జాందానీ నేత గురించి తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. మామూలు చీరకి మగ్గం మీద ఒక మనిషి చాలు. నాడె ఇటునుంచి అటు పోతుంది, పేక పడుతుంది, అచ్చుతో దగ్గరికి కొడతారు. జాందానీలో అలా కుదరదు. ప్రతి బుటాకీ దాని రంగు పోగు, దాని చిన్న కండె వేరుగా ఉంటాయి. నాడె ఒకసారి పోయాక, పడుగు పోగులు లెక్కపెట్టి ఎత్తి, ఆ కండెని బుటా ఉన్నంత మేరే చేత్తో దూర్చి వెనక్కి తియ్యాలి. మళ్ళీ నాడె. మళ్ళీ చెయ్యి. ఇలా వేస్తారు కనకనే వెనకవైపు పోగులు వేలాడవు, చీర రెండువైపులా ఒకేలా ఉంటుంది. బుటాలు ఎక్కువున్న పనికి మగ్గం మీద ఇద్దరు కూచుంటారు. ఎడమ సగం ఒకరిది, కుడి సగం ఒకరిది. చీర ఒక్కటే, మజూరీ ఒక్కటే. మా ఇంట్లో ఆ మజూరీ నాన్న పేరున రాసేవారు. కుడివైపు సగం అమ్మది.

మా మామ్మ కాలంలో ఇలా లేదు. అప్పుడు నూలు చీరలు. పొద్దున్నే వీధి పొడవునా పడుగు చాపి, గంజి పెట్టి, పెద్ద కుంచెతో దువ్వేవారట. ఆ పనికి ఇంటిల్లిపాదీ వీధిలోకి రావాల్సిందే. ఆసు పొయ్యడం, కండెలు చుట్టడం, గంజి కాయడం ఆడవాళ్ళవి. మగ్గం ఎక్కడం మగవాళ్ళది. 1980ల చివర్లో డిజైనర్ల చొరవతో, మాస్టర్ వీవర్ల పెట్టుబడితో పట్టు, జరీ వచ్చాక నేత పద్ధతే మారిపోయింది. పట్టుకి ఆ గంజి బెడద లేదు. వీధిలో పని తగ్గింది, మగ్గం మీద రెండో మనిషి అవసరం పెరిగింది. ఆ రెండో మనిషికి కూలి ఇవ్వక్కర్లేకపోతే ఇంకా మంచిది. అలా మా వీధిలో ఆడవాళ్ళు మగ్గం ఎక్కారు. దీన్ని ఎవరూ సాధికారత అనలేదు, ఉద్యమం అని అంతకన్నా అనలేదు. వంట ముగించుకుని వచ్చి కూచున్నారు, అంతే.

ఉప్పాడ జాందానీ కథ చాలాచోట్ల అచ్చయింది. పిఠాపురం జమీందార్ల ఆదరణ, ఢాకా మస్లిన్‌తో చుట్టరికం, పునరుద్ధరణ, 2009లో భౌగోళిక గుర్తింపు. ఇవన్నీ నిజమే, నేనేమీ కాదనను. కానీ నాకు దొరికిన కథనాల్లో జమీందారు ఉన్నాడు, డిజైనరు ఉన్నాడు, మాస్టర్ వీవరు ఉన్నాడు, ఆఖరున చీర కట్టుకున్న స్త్రీ ఉంది. నేసిన స్త్రీ లేదు. 2019-20 జాతీయ చేనేత గణనలో మాత్రం నేసేవాళ్ళలో 72 శాతం స్త్రీలని తేలింది. అంకెల్లో అంతమంది ఉండి మాటల్లో లేకపోవడం ఎలా సాధ్యం?

భాష చదువుకున్నదాన్ని కదా, మొదట మాట దగ్గరికే వెళ్ళాను. పాటగాడికి పాటగత్తె ఉంది. నేతగాడికి? నేతగత్తె అనే మాట కట్టుకోవచ్చు గానీ మా వీధిలో నేనెప్పుడూ వినలేదు. 2019లో రాష్ట్ర ప్రభుత్వం సొంత మగ్గమున్న కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలిచ్చే పథకం పెట్టింది. 2024 దాకా నడిచింది. దాని పేరు 'నేతన్న నేస్తం'. ఆ డబ్బు ఎన్నో ఇళ్ళకి ఊపిరి పోసింది, అందులో మాట లేదు. అయినా 'అన్న' అన్నాక ఆ పేరులో అమ్మకి చోటేదీ? మన సాహిత్య విమర్శలోనేమో పడుగూపేకా విరివిగా కనిపిస్తాయి. కథ, శిల్పం పడుగుపేకల్లా కలిశాయని నేనూ రాశాను. తెగిన పడుగు పోగు అతకడానికి కళ్ళు చికిలించి కూచున్న చిన్నతనం గుర్తుండి కూడా అలవాటుగా రాసేశాను.

మా ఊరి చరిత్రని కాగితం ఎలా రాస్తుందో మొదటిసారి చూసింది 1996లో. నవంబరు 6 రాత్రి తుపాను తీరం దాటింది. తూర్పు గోదావరి జిల్లా అల్లాడిపోయింది, వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. నాకు ఆరేళ్ళు. తెల్లారేసరికి మగ్గం గుంట నిండా నీళ్ళు, సగం నేసిన చీర బురదలో. అమ్మ చెంబుతో ఆ నీళ్ళు తోడుతూ ఉండగా ఎవరో వచ్చి నష్టాలు రాసుకున్నారు. మగ్గం ఒకటి. నేతపనివారు ఒకరు. అమ్మ తల కూడా ఎత్తలేదు. మర్నాడూ ఆ గుంట తోడుతూనే ఉంది.

సముద్రపు ఒడ్డునున్న వేటగాళ్ళ పేటల సంగతి ఇంకొకటి. మాకు చేపలు తెచ్చే మామ్మ ఒకావిడ ఉండేది. బుట్ట దించి, నెత్తళ్ళు కొలిచి, అమ్మ పక్కన కూచుని కాసేపు చిన్న కండెలు అందించేది. తన ఇల్లు మూడుసార్లు వెనక్కి జరిగిందనేది. "ఇల్లు జరగలేదమ్మా, సముద్రమే ముందుకొచ్చింది," అని తనే దిద్దుకునేది. ఆనకట్టల వల్ల గోదావరి తెచ్చే ఒండ్రు తగ్గిందనీ, హోప్ ఐలాండ్ ఇసుక మేట పెరిగి అలల తాకిడి ఇటు తిరిగిందనీ నిపుణులు కారణాలు చెబుతారు. 2010 ప్రాంతంలో ఇసుక నింపిన జియోట్యూబులతో గోడ కట్టారు. తర్వాత అదీ చిరిగి కుంగింది. కాకినాడ-ఉప్పాడ బీచ్ రోడ్డు తుపాను వచ్చినప్పుడల్లా తెగుతూనే ఉంది.

2020 నవంబరులో, నివర్ తుపాను తర్వాత, ఉప్పాడ ఒడ్డున ఇసుకలో బంగారం రవ్వలు దొరుకుతున్నాయని పేపర్లలో, టీవీల్లో వచ్చింది. మునిగిపోయిన ఇళ్ళవీ, గుళ్ళవీ అన్నారు. ఆడవాళ్ళు, పిల్లలు దువ్వెనలతో, పుల్లలతో ఇసుక గీకుతున్న ఆ దృశ్యం అందరికీ వింతగా తోచింది. నాకు మాత్రం చేపల మామ్మ గుర్తొచ్చింది. అప్పటికి ఆవిడ లేదు. పత్రాలు లేవు, ఫొటో లేదు. మూడు ఇళ్ళు సముద్రంలో ఉన్నాయి. మౌఖిక చరిత్ర అంటే ఏమిటో 'మనకు తెలియని మన చరిత్ర' చదివి నేర్చుకున్నదాన్నే. 1986లో స్త్రీశక్తి సంఘటన ఆ పుస్తకం వేసేనాటికి నేను పుట్టనైనా లేదు. పుస్తకమైతే చదివాను గానీ, ఆవిడ మా గుమ్మంలో కూచున్నన్నాళ్ళూ ఆవిడని ఏమీ అడగలేదు. ఇది నా తప్పే.

ఈ సంగతులన్నీ పరిశోధనలో పెడతానంటే "ఇందులో పాఠ్యం ఏది?" అని ఒక పెద్దాయన అడిగారు. అప్పుడు సమాధానం చెప్పలేక వేరే అంశం తీసుకుని డాక్టరేటు పూర్తి చేశాను. ఆ ప్రశ్న పూర్తిగా అన్యాయమైందని కూడా అనను. అమ్మ గళ్ళకాగితం మీద డిజైను చదవలేదు. పోగుల లెక్క నోటితో చెప్పుకునేది, ఒకసారి విన్నది మర్చిపోయేది కాదు. అది పాఠ్యమా, కాదా అని వాదించేకంటే, మిగిలిందేదో ముందు రాసుకోవాలనిపించింది.

అందుకే కిందటేడు మళ్ళీ అడిగాను. ఈసారి 'నేశావా' అనలేదు. 'నీవైపు ఏముండేది?' అన్నాను. అమ్మ ఏమీ అనకుండా లోపలికెళ్ళి, బీరువా అడుగునుంచి వంగపండు రంగు పట్టుచీర ఒకటి తెచ్చి మంచమ్మీద పరిచింది. తప్పుందని షావుకారు తీసుకోని చీర. పట్టు, జరీ ఖరీదు మజూరీలోంచి కోసుకున్నాడు. కొంగు మీద వేలు పెట్టి, ఎడమవైపు నెమళ్ళు నాన్నవనీ, పోగు కాస్త వదులుగా లాగుతారనీ చెప్పింది. కుడివైపు నెమళ్ళు తనవి. పక్కపక్కన పెట్టి చూస్తే నిజంగానే తేడా తెలిసింది. ఇన్నేళ్ళూ ఎప్పుడూ చూడలేదు.

కుడివైపే, కింద వరసలో, ఒక నెమలి దగ్గర వేలు ఆగింది.

"ఇది నీది. నాకు జ్వరమొస్తే నువ్వు కూచున్నావు. పదమూడేళ్ళు నీకు. చూడు, మెడ దగ్గర ఒక పోగు తప్పింది."