యుద్ధనౌకను ఒడ్డెక్కించిన లీకు

ఓడ ఫ్యాన్ తిప్పే షాఫ్టు వెనక కన్నంలోంచి నీళ్ళలోకి వెళ్తుంది. షాఫ్టు తిరగాలి, నీళ్ళు లోపలికి రాకూడదు. అదే తలనొప్పి. 1855 డిసెంబరులో, క్రిమియా యుద్ధకాలంలో, 121 ఫిరంగుల బ్రిటిష్ నౌక రాయల్ ఆల్బర్ట్‌కి సరిగ్గా అక్కడే లీకైంది. చివరికి గ్రీసులోని కియా దీవి దగ్గర ఒడ్డెక్కించారు!

అప్పట్లో ఇత్తడి బేరింగులు త్వరగా అరిగి సందు పెరిగేది. జాన్ పెన్ అనే ఇంజనీరు 1854లో లిగ్నమ్ వైటే చెక్క బేరింగుకి పేటెంటు తీసుకున్నాడు. నీళ్ళలో మునిగేంత బరువైన చెక్క అది. సముద్రపు నీళ్ళే దానికి కందెన. నాకైతే స్టీమింజను కంటే ఇదే గొప్ప ఐడియా అనిపిస్తుంది.

లోపలి గ్లాండ్ ప్యాకింగ్ ఇప్పటికీ చాలా పడవల్లో ఉంది. పొలం మోటారు గ్లాండ్ చూశారుగా, అలాంటిదే. లీకవుతోందని మరీ బిర్రుగా బిగిస్తే ప్యాకింగ్ మాడి షాఫ్టు గీసుకుపోతుంది. తిరిగేటప్పుడు నాలుగు చుక్కలు పడనివ్వండి.