'ఎందుకు' నేర్పిన నాన్న

'అసమర్థుని జీవయాత్ర' తెరిచి, కథ మొదలు కాకముందే ఆగిపోయాను. త్రిపురనేని గోపీచంద్ ఆ నవలను తండ్రికి అంకితమిచ్చారు. కని పెంచినందుకో, చదివించినందుకో కాదు, 'ఎందుకు' అని అడగడం నేర్పినందుకు! తెలుగులో అస్తిత్వవాదం పుట్టిల్లు ఏదంటే, పారిస్ కంటే ముందు మా రామాపురం వాళ్లం పనిమీద పోయొచ్చే తెనాలినే చూపిస్తాను.

తండ్రిని కొడుకు ప్రశ్నించడం పాత కథే. 'నన్నెవరికిస్తావు' అని నచికేతుడు మూడుసార్లు అడిగితే, తండ్రి విసిగిపోయి యముడికిస్తానన్నాడు. అక్కణ్ణుంచి ఒక్క గెంతులో 1843కి వస్తే, డెన్మార్క్‌లో తత్వవేత్త కీర్కెగార్డ్ కన్నకొడుకును బలివ్వబోయిన అబ్రహాము గురించి పుస్తకం రాస్తున్నాడు. లోకనీతి తోడురాని చోట మనిషి ఒక్కడే నిలబడి తేల్చుకోవాల్సిన ఘడియ అది. అస్తిత్వవాదానికి ఆయన్నే మూలపురుషుడంటారు.

తెనాలి తండ్రి, అంటే గోపీచంద్ నాన్న తీరు వేరు. కవిరాజు రామస్వామి చౌదరి 1887లో అంగలూరులో పుట్టారు. డబ్లిన్‌లో బారిస్టరు చదివొచ్చి, తర్వాత తెనాలిలో స్థిరపడ్డారు. ఇంటిపేరు త్రిపురనేని అయినా ఆయన ఇంటికి పేరు సూతాశ్రమం. 'సూతపురాణం', 'శంబుకవధ' రాసి పురాణాలను బోనెక్కించారు. మున్సిపల్ చైర్మన్‌గా గంగమ్మకిచ్చే జంతుబలుల్ని ఆపించారు. నాకన్నిటికంటే ఇష్టమైనది 'వివాహవిధి'. పెళ్లి మంత్రాలు తెలుగులో రాసి, తానే దగ్గరుండి పెళ్లిళ్లు చేయించేవారు. పీటల మీద కూర్చున్న ఇద్దరూ తామేం ఒప్పుకుంటున్నారో తెలిసి ఒప్పుకోవాలి. స్వేచ్ఛ, బాధ్యత అని తత్వశాస్త్రం చెప్పేది అదే కదా! లక్షలు పోసి చేస్తున్న ఇవాళ్టి పెళ్లిళ్లలో ఆ తెలివిడి ఒక్కటే కరువైందని నా బాధ.

1945 అక్టోబరులో పారిస్‌లో తత్వవేత్త సార్త్ర్ అస్తిత్వవాదం మీద ఒక ఉపన్యాసమిచ్చాడు. ఉనికి ముందు, సారం తర్వాత అన్నాడు. మన ఊరి భాషలో చెప్పాలంటే, కమ్మరి కొలిమి ముందు కూర్చునేసరికే కొడవలి దేనికో అతనికి తెలుసు. మనిషిని అలా ముందే అనుకుని చేసినవాడు లేడు. పుట్టాక, తాను చేసే పనులతో తానెవరో తానే తేల్చుకోవాలి. తప్పించుకుని 'నేనింతే, మా వంశమింతే' అనడం ఆత్మవంచన.

ఇంచుమించు ఆ రోజుల్లోనే గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' నాయకుడు సీతారామారావును సృష్టించారు. అతని తండ్రి పోతూ పోతూ వంశప్రతిష్ఠ నిలబెట్టమన్నాడు. కొడుకు ఆ మాటనే తన సారమనుకున్నాడు, ఆస్తి కరిగించాడు, చివరికి తానూ మిగల్లేదు. తనకు ప్రశ్ననిచ్చిన తండ్రి దొరికితే, గోపీచంద్ తన నాయకుడికి జవాబిచ్చి పోయిన తండ్రిని ఇచ్చారు. ఎన్నిసార్లు చదివినా నన్ను పట్టి ఆపేది ఇదే.

తర్వాత బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధి వచ్చాడు. 1969లో నవీన్ 'అంపశయ్య'లో ఉస్మానియా హాస్టల్ కుర్రాడు రవి ఒక్కరోజు వేదన పడ్డాడు. తిరుపతిలో తత్వశాస్త్రం బోధించిన వడ్డెర చండీదాస్ 'హిమజ్వాల' రాశారు. ఆపైన 'అస్తిత్వం' అన్న మాటే దారి మార్చుకుంది. ఇప్పుడు సభల్లో అస్తిత్వమంటే కులం, ప్రాంతం, స్త్రీల గొంతు. ఆ గొంతులు కావలసినవే. కానీ ఒంటరి మనిషి తనను తాను నిలదీసుకునే పాత అర్థానికి వేరే మాట మిగల్లేదు.

కవిరాజు 1943 జనవరిలో కన్నుమూశారు. నవల అచ్చయింది ఆ తర్వాతే. ఆ అంకితం ఆయన చూడలేదు.